ఆదివారం నుంచి గురువారానికి

ఆ రోజు హెల్మెట్ నా దగ్గరే ఉంది. నెత్తిన కాదు, బండి అద్దానికి వేలాడుతోంది. పాతపట్నంలో మా చెల్లెలి ఇంటి నుంచి పర్లాకిమిడికి తిరిగి వస్తున్నాను. ఆంధ్రలో ఎక్కిన బండి ఒడిశాలో దిగడానికి ఎంతసేపని? వాన, తారు మీద ఇసుక, అడ్డంగా ఒక ఆవు. ఆ తర్వాత నాకు గుర్తున్నది విశాఖపట్నంలో ఒక ఆసుపత్రి పైకప్పు.

తలకు ఎడమ పక్క దెబ్బ. మెదడు కమిలి రక్తం గడ్డకట్టింది, ఆపరేషన్ చేశారు. కుడి చెయ్యి పడిపోయింది, మాట పోయింది. గొంతు బాగానే ఉంది, పోయినవి పేర్లు. చెంబును చూస్తే అది దేనికో తెలుసు, ఎవరి పెళ్ళిలో ఇచ్చారో కూడా తెలుసు. నోరు తెరిస్తే మాత్రం 'తాళం' అని వచ్చేది. అది తప్పని నా చెవికి తెలుస్తూనే ఉండేది, ఏడుపు వచ్చేది అందుకే.

విచిత్రంగా ఎక్కాలు పోలేదు. మొదటి మెట్టు ఎవరైనా అందిస్తే ఏడో ఎక్కం చివరిదాకా దొర్లుకుంటూ వచ్చేది. వారాల పేర్లూ అంతే. 'ఇవాళ ఏ వారం?' అని అడిగితే మాత్రం గుడ్లు మిటకరించేవాణ్ణి. చిన్నప్పటి నుంచి వరసగా అప్పజెప్పినవి, ఆలోచించి వెతుక్కునే మాటల దారిలోనే రావలసిన పని లేదట.

మూడో వారంలో మొదటి మాట వచ్చింది. 'పాణి.' నీళ్ళు కావాలని ఒడియాలో అడిగాను. ఇంట్లో తెలుగు, ముప్పయ్యేళ్ళుగా లెక్కలు రాసిన బట్టల కొట్లో ఒడియా. ముందు కొట్టు భాష లేచింది. "నీళ్ళు అనరా నాయనా, నీళ్ళు" అంటూ అమ్మ గ్లాసు పట్టుకుని నిలబడింది. గిడుగు రామమూర్తి పంతులు గారు పాఠాలు చెప్పిన ఊళ్ళో ఉంటూ తెలుగు మరిచిపోతావా అని మా బావ వేళాకోళం. నవ్వాను. నవ్వు కూడా కుడివైపు రాలేదు.

డాక్టరు గారు దాచకుండా చెప్పారు. చచ్చిన కణాలు తిరిగి రావు. కొన్ని చోట్ల కణాలు బతికే ఉన్నా, వాపు వల్లా, దెబ్బ తిన్న చోటి నుంచి కబురు అందకపోవడం వల్లా నోరు మూసుకుని ఉన్నాయి; అవి వారాల్లో వాటంతటవే మేలుకుంటాయి. ఆ పైన జరిగేది నెలల పని. గాయం చుట్టూ మిగిలిన కణాలు కొత్త కొమ్మలు వేసి పక్క కణాలను అందుకుంటాయి. ఆ అందుకునే చోటే సినాప్స్. వాడిన సినాప్స్ గట్టిపడుతుంది, వాడనిది రాలిపోతుంది.

మా రైలును తలచుకున్నాను. నౌపడా నుంచి మా ఊరికి 1900లో పడిన చిన్న పట్టాల లైను అది. పెద్ద పట్టాలు వేయడానికి కొన్నేళ్ళు మూసేస్తే జనం బస్సులు పట్టుకున్నారు. అయితే రైలుకు కాంట్రాక్టరు ఉన్నాడు. మెదడులో ఎవరూ ముందు రోడ్డు వేసి పిలవరు. నడిస్తేనే దారి పడుతుంది.

అందుకే ఎడమ చేతికి తువ్వాలు చుట్టి కట్టేశారు. బాగున్న చెయ్యి అన్ని పనులూ చేసేస్తుంటే, పడిన చెయ్యి పని మానడమే నేర్చుకుంటుందట. ఎడ్వర్డ్ టౌబ్ అనే అమెరికన్ కోతుల మీద చేసిన పని నుంచి పుట్టిన వైద్యం ఇది. రోజూ గంటల తరబడి కుడి చేతితో చింతగింజలు గిన్నెలో వేయాలి. వేళ్ళు గింజను చేరేవి, పట్టుకునేవి కావు. పట్టుకుంటే వదిలేవి కావు. ఒకరోజు పదకొండు గింజలు. మర్నాడు నాలుగు. గిన్నె విసిరికొట్టాను, కుడి చేతితోనే. మా ఆవిడ తిట్టలేదు, "చూశారా, విసిరారు" అంది.

నోబెల్ అందుకున్న స్పెయిన్ శాస్త్రవేత్త కహాల్, పెద్దవాళ్ళ మెదడులో నరాల దారులు ఇక మారవని వందేళ్ళ కిందట రాశారు. ఆ రోజుల్లో పడి ఉంటే నన్నొక మూల కూర్చోబెట్టేవారు. అయితే ఇప్పుడూ 'మునుపటిలా అయ్యావా?' అని అడిగేవాళ్ళకు జవాబు చెప్పలేను. కాలేదు. పది నిమిషాలు మాట్లాడితే మోట తోడినంత అలసట. ఈ నాలుగు ముక్కలు రాయడానికి పదకొండు రోజులు పట్టింది.

కొట్టుకు మళ్ళీ వెళ్తున్నాను, మధ్యాహ్నం దాకా. చెంబు ఇప్పుడు చెంబే. వారాలు మాత్రం ఇంకా విడివిడిగా చేతికి రావు. "చీరలు ఎప్పుడు వస్తాయి?" అని ఎవరైనా అడిగితే, ఆది, సోమ, మంగళ, బుధ అని పెదవుల కింద లెక్కపెట్టుకుని "గురువారం రండమ్మా" అంటాను. తెలిసినవాళ్ళు ఆగుతారు. శనివారం సరుకైతే ఇంకాస్త ఆగాలి.