దోహా క్యాంపు గదిలో ట్రంపెట్

నాన్నకు ముందు పళ్ళు రెండూ ఊడిపోయిన ఏడాది ఆయన ట్రంపెట్ నా చేతికి వచ్చింది. అమలాపురం దగ్గర బ్యాండు మేళంలో ముప్పై ఏళ్ళు ఊదిన మనిషి. ముందు పళ్ళు లేకపోతే పెదవికి వెనక ఆనిక ఉండదు, పై స్వరాలు పలకవు. సరిగ్గా అప్పుడే నాకు దోహా వీసా వచ్చింది, ఏసీ టెక్నీషియన్ పనికి. "ఇక్కడుంటే చిలుము పట్టిపోద్దిరా, నువ్వు పట్టుకుపో" అన్నారు. పెదవికి ఆనించి ఊదే మౌత్‌పీస్ తీసి సాక్సులో పెట్టి, ట్రంపెట్‌ని రెండు లుంగీల్లో చుట్టి, విమానంలో ఒళ్ళో పెట్టుకుని తెచ్చుకున్నాను. అది 2016. అప్పటి నుంచీ అది నా మంచం కిందే ఉంటోంది.

ఇలా గల్ఫ్‌కి వాయిద్యం తెచ్చుకుని, ఆర్నెల్లకే పెట్టె మూసేసినవాళ్ళు నాకు చాలామంది తగిలారు. టైము లేదంటారు, చోటు లేదంటారు. రెండూ నిజమే. అయినా రోజుకి ఇరవై నిమిషాలు దొరికితే ట్రంపెట్ బతుకుతుంది. నాకు తెలిసినంతవరకూ ఎలాగో చెబుతాను.

ముందు నూనె సంగతి. ఊళ్ళో, వేళ్ళతో నొక్కితే కిందికీ పైకీ కదిలే మూడు పిస్టన్లకి కొబ్బరి నూనె వేసేవాళ్ళం. అక్కడి వేడికి అది ఎప్పుడూ పల్చగానే ఉండేది. ఇక్కడికొచ్చిన మొదటి వారం అదే వేసి పడుకున్నాను. గదిలో ఏసీ పద్దెనిమిది మీద ఉంది. పొద్దున్న చూస్తే మూడు పిస్టన్లూ కదలడం లేదు. కొబ్బరి నూనె ఇరవై నాలుగు డిగ్రీల కింద గడ్డకడుతుందని తెలిసి కూడా ఆ సంగతి తట్టలేదు, పిస్టన్ చెడిందేమోనని గంటసేపు టెన్షన్ పడ్డాను. కుట్టుమిషను నూనె కూడా వద్దు, కొన్నాళ్ళకి జిగురవుతుంది. వాల్వ్ ఆయిల్ అని చిన్న సీసాలో వస్తుంది, అదే కొనండి. పిస్టన్‌కి నాలుగు చుక్కలు చాలు, ఒక సీసా నెలల తరబడి వస్తుంది. స్లైడ్లకి, అంటే ముందుకీ వెనక్కీ జరిపే గొట్టాలకి మాత్రం గ్రీజు వేరే ఉంటుంది, అది పిస్టన్లకి రాయకూడదు.

పిస్టన్లు కడిగాక వాటి మీదున్న నంబర్లు చూసుకుని పెట్టాలి. కరీంనగర్ నుంచి వచ్చిన తమ్ముడొకడు ఒక శుక్రవారం కళ్ళనీళ్ళతో నా గదికి వచ్చాడు. "అన్నా, నా ట్రంపెట్ ఖరాబైంది, గాలే పోతలేదు" అన్నాడు. ఊది చూశాను, గోడకి ఊదినట్టుంది. విప్పి చూస్తే ఒకటో నంబరు పిస్టన్ మూడో గొట్టంలో ఉంది, మూడోది ఒకటో దాంట్లో ఉంది. మార్చి ఇవ్వగానే ఒక్కసారి ఊదాడు. ఆ చప్పుడుకి నైట్ షిఫ్ట్ చేసి పడుకున్న ఇద్దరు లేచి కూర్చున్నారు.

అసలు కష్టం అక్కడే ఉంది. గదికి ఆరుగురం, ఎప్పుడూ ఎవరో ఒకరు నిద్రలో ఉంటారు. ప్రాక్టీస్ మ్యూట్ అని బెల్‌లో, అంటే ట్రంపెట్ చివరి వెడల్పు నోట్లో దూర్చేది ఒకటుంది, చప్పుడు బాగా తగ్గిస్తుంది. కానీ గాలి ఎదురు తన్నుతుంది కాబట్టి, అది పెట్టుకునే అలవాటైతే తీసేశాక స్వరం అదుపులో ఉండదు. వారంలో రెండు రోజులైనా మ్యూట్ లేకుండా ఊదాలి. నేను బట్టల అల్మరా తలుపు తెరిచి, వేలాడుతున్న యూనిఫాంల మధ్యకి బెల్ పెట్టి ఊదుతాను. బట్టలు చప్పుడుని మింగేస్తాయి. చలికాలం సాయంత్రాల్లో కంపెనీ వ్యానులో అద్దాలు ఎత్తి కూర్చుంటాను. ఎండాకాలం మధ్యాహ్నాలు మాకు ఒక వరం ఉంది. 2021 నుంచి ఖతర్‌లో జూన్ 1 మొదలు సెప్టెంబర్ 15 వరకు ఉదయం 10 నుంచి మధ్యాహ్నం 3:30 దాకా ఎండలో పని చేయించకూడదు. ఆ వేళ క్యాంపుకి చేరిన రోజు, అందరూ భోజనానికి వెళ్ళినప్పుడు గది నాది.

"ఫోర్‌మన్‌కి బాకా ఊదేవాళ్ళు క్యాంపు నిండా ఉన్నారు, నిజం బాకా ఉన్నది నీ ఒక్కడి దగ్గరేరా" అని గదిలో వాళ్ళు నవ్వుతారు. నాకు ఆ మాటంటే ఇష్టం.

శుక్రవారాలు దోహాలోనే ఉన్న మెసైమీర్‌కి వెళ్తాను. అక్కడ చర్చీలన్నీ ఒకే ఆవరణలో ఉంటాయి. ఆరాధనలో నా పక్కన ఊదేది ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన పెద్దాయన. వాళ్ళ భాషలో అన్నని కూయా అంటారు, మేమూ అలాగే పిలుస్తాం. ఒక బల్బు మార్చడానికి ట్రంపెట్ వాళ్ళు ఎంతమంది కావాలి అని మొదటి రోజే అడిగాడు. తెలియదన్నాను. అయిదుగురు, ఒకడు మారుస్తాడు, నలుగురు కింద నిలబడి "నేనైతే ఇంతకంటే బాగా మార్చేవాణ్ణి" అంటారు అన్నాడు. మా ఊరి మేళంలోనూ అంతే, పెళ్ళి ఊరేగింపు అయ్యాక అర్ధరాత్రి దాకా అదే గొడవ.

శ్రుతి గురించి నాకు నేర్పింది కూయానే. బయట నలభై డిగ్రీలు, హాల్లో ఇరవై. గాలి వేడెక్కితే శబ్దం వేగం పెరుగుతుంది, స్వరం పైకి పోతుంది. కీబోర్డు శ్రుతి కదలదు, మనది కదులుతుంది. ట్రంపెట్‌లో గాలి దారి పొడవు దాదాపు 148 సెంటీమీటర్లు. శ్రుతి సరిచేసే ట్యూనింగ్ స్లైడ్ వంకీలా ఉంటుంది కాబట్టి, ఒక సెంటీమీటరు బయటికి లాగితే దారి రెండు సెంటీమీటర్లు పెరిగి శ్రుతి దిగుతుంది. హాల్లోకి వెళ్ళాక పది నిమిషాలు ఆగి, మెల్లగా ఊది, అప్పుడు సరిచేసుకోవాలి. ఒకటో పిస్టన్, మూడో పిస్టన్ కలిపి నొక్కినప్పుడు మాత్రం స్వరం ఎక్కడున్నా కాస్త పైకే పోతుంది. మూడో స్లైడ్‌కి ఉంగరం పెట్టింది అందుకే, వేలితో ముందుకి తోయాలి.

ట్రంపెట్‌ని వ్యానులో వదిలేసి పనికి పోకండి. ఆ వేడికి పాలిష్ పాడవుతుంది, నూనె ఎండిపోతుంది. మౌత్‌పీస్ ఇరుక్కుంటే పట్టకారుతో తిప్పకండి. సన్నటి గొట్టం వంకర పోతుంది.

కరక్ చాయ్ తాగి వెంటనే ఊదకండి. ఆ చక్కెర ఊపిరితో లోపలికి పోయి పిస్టన్లకి అంటుకుంటుంది. నోరు పుక్కిలించి ఊదాలి. ఆవకాయ అన్నం తిన్న గంట వరకు మౌత్‌పీస్ ముట్టుకోవద్దు, పెదవి మంటకి పై స్వరం దగ్గర ప్రాణం పోతుంది. ఏసీ గాలికి పెదాలు పగులుతాయి. రాత్రి కాస్త నెయ్యి రాసుకుని, ఊదే ముందు తుడిచేయండి. ఎంతసేపు ఊదితే అంతసేపు ఆగాలి. పై స్వరం అందలేదని మౌత్‌పీస్‌ని పళ్ళకేసి నొక్కడం మొదలుపెడితే పెదవి చచ్చుబడుతుంది. అమెరికా జాజ్ ట్రంపెట్ విద్వాంసుడు లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ అంతటివాడు పెదవి గాయాలతో ఏళ్ళ తరబడి బాధపడ్డాడు. "ఊదేది పెదవి కాదురా, పొట్ట" అని నాన్న అనేది ఇందుకే.

ఫ్రాన్స్‌లో మోరిస్ ఆంద్రే అని ఒక మహానుభావుడు ఉండేవాడు, 1933లో పుట్టాడు. గని కార్మికుడి కొడుకు, కుర్రతనంలో తనూ బొగ్గుగనిలో పని చేశాడు. తర్వాత ప్రపంచమంతా ఆయన ట్రంపెట్ వింది. రోజంతా డాబా మీద యూనిట్లు బాగుచేసి వచ్చి, చేతులు వణుకుతుంటే పెట్టె తెరవబుద్ధి కానప్పుడు నాకు ఆయన గుర్తొస్తాడు.

ఇంటికి ఫోనులో ఊది వినిపించాలనుకునేవాళ్ళకి ఒక మాట. వీడియో కాల్‌లో ఊదితే ఆ యాప్ మన స్వరాన్ని రొద అనుకుని కోసేస్తుంది. విడిగా రికార్డు చేసి పంపండి. నేను ప్రతి శుక్రవారం రాత్రి నాన్నకి అలాగే పంపుతాను. పోయిన చలికాలంలో ఒకసారి ఆయన జవాబు ఇలా వచ్చింది: "బాగానే ఊదావు గానీ స్వరం గరగరమంటోంది. ఎక్కడో గాలి కారతంది, నీళ్ళు వదిలే మీట దగ్గర చూడు."

నాకేమీ వినబడలేదు. అయినా ట్యూనింగ్ స్లైడ్ ఊడదీసి, ఏసీ పైపుకి లీకు చూసినట్టే మీట చుట్టూ సబ్బు నురగ రాసి, ఒక చివర బొటనవేలితో మూసి రెండో చివర నుంచి ఊదాను. మీట కింద గాలి కారకుండా మూసే కార్కు అంచున బుడగలు లేచాయి. చూస్తే కార్కు అరిగిపోయి ఉంది. టూల్ బ్యాగులో పైపులకి చుట్టే నల్ల రబ్బరు ఇన్సులేషన్ ఉంది కదా, బఠాణీ గింజంత ముక్క కోసి దాని స్థానంలో అతికించాను. మళ్ళీ ఊది పంపితే అరగంటకి జవాబు వచ్చింది. "ఇప్పుడు సరిపోయింది. కొత్త కార్కు దొరికేదాకా దాన్ని తియ్యకు, నాన్నా."