బ్యారో నుంచి కోట్జెబ్యూకి "గంటా పది నిమిషాలు"

నాకు కాంట్రాక్టు పనులు ఇప్పించే ఏజెన్సీ ఆపిన డబ్బులు నిన్ననే నా ఖాతాలో పడ్డాయి. కోపం మాత్రం ఇంకా తగ్గలేదు.

నేను కాంట్రాక్టు మీద ఆసుపత్రుల్లో పనిచేసే ల్యాబ్ టెక్నాలజిస్టుని. అలాస్కాలోని ఉట్కియాగ్విక్‌లో (2016 దాకా దాని పేరు బ్యారో) పని ముగించుకుని కోట్జెబ్యూలో చేరాలి. రెండూ ఆర్కిటిక్ వృత్తానికి పైన సముద్రపు ఒడ్డునున్న ఊళ్లు, బయటి నుంచి దేనికీ రోడ్డు లేదు. గీత గీసి కొలిస్తే మధ్య దూరం సుమారు 540 కిలోమీటర్లు. కానీ నాకు దొరికిన దారి యాంకరేజ్ మీదుగానే: దక్షిణానికి దాదాపు 1,170 కిలోమీటర్లు దిగి, మళ్లీ 880 పైకి ఎక్కాలి. హైదరాబాద్ నుంచి విశాఖకి ఢిల్లీ మీదుగా వెళ్లడం లాంటిదన్నమాట.

యాంకరేజ్ దాకా ఏ ఇబ్బందీ లేదు.

కోట్జెబ్యూ దగ్గరికి వచ్చేసరికి కిటికీ బయట అంతా తెల్లటి పొగమంచు. చక్రాలు దిగిన చప్పుడైంది, అంతలోనే ఇంజన్లు గట్టిగా మోగి విమానం పైకి లేచింది. పక్క సీట్లో ఉన్న ఇనుపియాట్ (అక్కడి మూలవాసి తెగ) అవ్వ అప్పటికే కోటు తొడుక్కుని ఉంది. కెప్టెన్ నోరు విప్పకముందే ఆ కోటు విప్పి, మడిచి ఒళ్లో పెట్టుకుంది. వెనక్కి యాంకరేజ్ వచ్చేశాం. ఆ రాత్రి హోటల్ గది, తిండి నా సొంత డబ్బుతోనే. మర్నాడు కోట్జెబ్యూ చేరాను.

అసలు అవమానం ఆ తర్వాత జరిగింది. బిల్లులు పంపితే ఏజెన్సీ కోఆర్డినేటర్ వీడియో కాల్ పెట్టింది. కొత్త ఆసుపత్రి మేనేజర్ కూడా అందులో ఉన్నారు. కోఆర్డినేటర్ ఊళ్ల మధ్య దూరాలు చూపించే ఒక సైట్ తెరిచి, రెండు ఊళ్ల మధ్య గీసిన గీత చూపించి, "ఇక్కడ గంటా పది నిమిషాలని ఉంది. మరి మీరు రాత్రి యాంకరేజ్‌లో ఎందుకున్నారు? షాపింగ్ ఏమైనా చేసుకున్నారా?" అని అడిగింది. టికెట్ బుక్ చేసింది వాళ్లే! నా మొహం ఎర్రబడిపోయింది. కొత్తచోట మొదటి వారంలోనే, నాకు పని చెప్పే మనిషి ముందు నన్ను దొంగలా నిలబెట్టింది. షిఫ్టు డబ్బులు కూడా కోశారు.

ఆ సైట్లు చేసే లెక్క చాలా చిన్నది. రెండు ఊళ్ల అక్షాంశ రేఖాంశాలు తీసుకుని అతి దగ్గరి గీత గీస్తాయి. దాన్ని గంటకు ఏ 800 కిలోమీటర్లతోనో భాగించి, ఎక్కడానికీ దిగడానికీ ఓ అరగంట కలుపుతాయి. ఆ గీత మీద విమానం తిరుగుతుందా లేదా అన్నది వాటికి పట్టదు. ఎక్కడో వెచ్చటి ఊళ్లో కూర్చుని, ఆ గీత చూసి మనిషి నిజాయితీని కొలవడం తప్పు. అలాస్కా విమానాల సంగతి ఆ ఏజెన్సీ మొత్తం కంటే ఇప్పుడు నాకే బాగా తెలుసు, గట్టిగా చెప్పగలను.

నన్ను గట్టెక్కించింది ఎయిర్‌లైన్ ఇచ్చిన కాగితం. వాతావరణం వల్ల విమానం వెనక్కి తిరిగిందని కౌంటర్ దగ్గరే రాయించుకోండి, తర్వాత అడిగితే నానా తిప్పలు. బోర్డింగ్ పాస్ పారేయకండి. మందులు, ఒక జత బట్టలు చేతి సంచిలోనే ఉంచుకోండి.

ఆ ఏజెన్సీతో నాకిక పని లేదు. వాతావరణం వల్ల ఆగిపోతే గది, భోజనం, షిఫ్టు డబ్బులు వాళ్లే ఇచ్చేలా రాయించుకున్నాకే కొత్త కాంట్రాక్టు మీద సంతకం పెట్టాను.