ముఖద్వారం తీస్తే వచ్చే లాభం

సముద్రపు కట్టను తెగగొట్టి, ఒకప్పుడు పొలంగా మార్చిన తీరాన్ని మళ్ళీ ఉప్పునీటి చిత్తడి నేలగా చేసే పథకాలకు లాభనష్టాల లెక్క కట్టడం ఇంగ్లండులో నా ఉద్యోగం. ఈమధ్య ఒక నివేదికలో, తీరం వెంట చిన్నపాటి చేపలవేటతో బతికేవారికి కలిగే మేలుకు ఎదురుగా ఉన్న గడిని ఖాళీగా ఉంచాను. మా ఆఫీసు పద్ధతి వారికి న్యాయం చేయదని తెలిసే అలా ఉంచాను. పై అధికారిణి అది చూసి, "ఖజానావాళ్ళు ఖాళీ గడిని సున్నాగానే చదువుతారు. మీరు వాళ్ళను లెక్కలోంచే తీసేశారు" అని అందరి ముందే గట్టిగా అన్నారు. ఆ మాట నన్ను నొప్పించింది, ఇంకా వదలడం లేదు.

ఈ పడమటి దేశాలవాళ్ళలో నేను మనస్ఫూర్తిగా మెచ్చే గుణం ఒకటుంది. ఎసెక్స్‌లోని వాలసీ ద్వీపానికి లండన్ క్రాస్‌రైల్ సొరంగాల మట్టిని 30 లక్షల టన్నులకు పైగా తరలించి, నేలను ఎత్తు చేసి, 2015లో కట్ట తెగగొట్టి సముద్రాన్ని లోపలికి రానిచ్చారు. అమెరికాలో 2012 నాటి శాండీ తుపాను సమయంలో తీరప్రాంత చిత్తడి నేలలు 62.5 కోట్ల డాలర్ల ముంపు నష్టాన్ని తప్పించాయని 2017లో ఒక అధ్యయనం లెక్క తేల్చింది. జరగని నష్టాన్ని కూడా లాభంగా రాయడం తెలిసినచోట బురదనేలకు సైతం నిధులు వస్తాయి.

నాకు మింగుడుపడనిది వేరే. "ఈ మేలు కోసం ఏడాదికి ఎంత చెల్లిస్తారు?" అని జనాన్ని అడిగి, వచ్చిన జవాబులనుబట్టి ఆ నేలకు విలువ కడతారు. ఉన్నవాడు ఎక్కువ చెబుతాడు, లేనివాడు తక్కువ చెబుతాడు. మా పులికాట్‌లో మొలలోతు నీళ్ళలో వంగి, తాటాకు బుట్టను పళ్ళతో కరిచి పట్టుకొని, రెండు చేతులా బురద తడుముతూ రొయ్య పట్టే యానాది ఆడమనిషిని ఇదే ప్రశ్న అడిగితే ఏమని చెబుతుంది? ఆమె ఇంటి పొయ్యి వెలిగేదే ఆ బుట్టతో. ఆమె చెల్లించగలిగేది ఏమీ లేదు కనుక ఆమె సరస్సుకు విలువ లేదు. ఫ్లెమింగోలను చూడటానికి చెన్నై నుంచి కారులో వచ్చినవారి ప్రయాణ ఖర్చు మాత్రం సరస్సు విలువగా పద్దుకెక్కుతుంది. ఆమెను అడగవలసింది, ఈ నీరు పోతే నీకు ఏమిస్తే సరిపోతుందని.

మనవాళ్ళకు లెక్క చేతకాదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. గాంధేయవాది జగన్నాథన్ వేసిన కేసులో, రొయ్యల చెరువుల వల్ల జరిగే నష్టం వాటి రాబడిని మించిపోయిందన్న శాస్త్రవేత్తల నివేదికను ఆధారం చేసుకొని, 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీరనియంత్రణ మండలంలోని చెరువులను తొలగించమని తీర్పు చెప్పింది. అయితే అది చెడిపోయినదాని లెక్క. బాగుచేస్తే వచ్చేదాని లెక్క ఉమ్మడి నెల్లూరు జిల్లాలో నా కంటపడలేదు.

పులికాట్‌ను సముద్రంతో కలిపే రాయదొరువు ముఖద్వారం పూడిపోతే సముద్రపు నీరు రాదు, నీటితోపాటు రావలసిన రొయ్యపిల్లా రాదు, ఎండాకాలానికి సరస్సు బీటలు వారుతుంది. "మొగ తీస్తే వేట ఉంటుంది నాయనా, అంతకన్నా ఏం చెప్పాలి?" అంటాడు ఫోనులో మా బాబాయి. ఎంతైనా చెప్పాలి బాబాయ్. పూడికతీత అంచనాల్లో యంత్రాల ఖర్చు, ఇసుక ఘనపు మీటర్లు ఉంటాయి. పక్కనే ఒడ్డున ఉన్న ఒక్కొక్క కుప్పానికి, అంటే జాలరి పల్లెకు, ఏ నెలలో ఎంత వేట పెరుగుతుందో, పని దొరక్క వలసపోయేవారిలో ఎందరు ఊళ్ళో ఉండిపోతారో రాసిన వరుస కూడా ఉండాలి. దాన్ని నింపడానికి అవసరమైన వివరాలు ఆ కుప్పాలవారి నోటనే ఉన్నాయి.