శాన్ డియేగోలో ఒక్క బంతి వేయకుండానే వెళ్ళిపోయిన క్లోజర్

2024 జనవరి మొదటి వారంలో శాన్ డియేగో బేస్‌బాల్ టీమ్ పాడ్రెస్ వాళ్ళు గో వూ సుక్ అనే 25 ఏళ్ళ కొరియన్ పిచర్‌ని తీసుకున్నారు, రెండేళ్ళకి 45 లక్షల డాలర్లు. ఇక ఆ వారమంతా శాన్ డియేగోలో బేస్‌బాల్ చూసే ప్రతివాడూ ఒక ఎక్స్‌పర్టే. కొరియన్ లీగ్ ఒక్క ఇన్నింగ్ చూసినవాడు లేడు, కానీ వీడు పనికొస్తాడా రాడా అనేది అందరికీ ముందే తెలుసు!

బేస్‌బాల్ తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. మ్యాచ్ మొదలుపెట్టేవాడు స్టార్టర్, ఐదారు ఇన్నింగ్స్ వేసి దిగిపోతాడు. తర్వాత వచ్చేవాళ్ళంతా రిలీవర్లు, వాళ్ళు కూర్చునే చోటు బుల్‌పెన్. చివరి తొమ్మిదో ఇన్నింగ్‌లో చిన్న లీడ్‌ని కాపాడ్డానికి వచ్చేవాడు క్లోజర్. మన ఐపీఎల్ భాషలో డెత్ ఓవర్ల బౌలర్ అనుకోండి. అక్కడా ఇదే రామాయణం కదా, నటరాజన్‌ని 2017లో పంజాబ్ 3 కోట్లకి కొని వదిలేస్తే మరుసటేడాది మన సన్‌రైజర్స్ 40 లక్షలకి తెచ్చుకుంది, 2020లో అతని యార్కర్లు చూసి నోళ్ళు వెళ్ళబెట్టాం.

సరే, పాడ్రెస్ సంగతికి వద్దాం. అప్పటి పరిస్థితి తెలియకపోతే ఈ గొడవ అర్థం కాదు. ఓనర్ పీటర్ సైడ్లర్ 2023 నవంబర్‌లో పోయారు, అంతకుముందే మ్యాచ్‌లు చూపించే టీవీ కంపెనీ దివాళా తీసి చేతులెత్తేసింది, డబ్బుకి కటకట మొదలైంది. డిసెంబర్‌లో స్టార్ బ్యాటర్ హువాన్ సోటోని న్యూయార్క్ యాంకీస్‌కి ఇచ్చేశారు. క్లోజర్ జోష్ హేడర్ కాంట్రాక్ట్ అయిపోయింది, వాడు అడిగేది వీళ్ళు ఇచ్చే సీన్ లేదు, అదే జనవరిలో హ్యూస్టన్ ఐదేళ్ళకి 9.5 కోట్ల డాలర్లు ఇచ్చి తీసుకుపోయింది. అంటే ఖాళీ అయిన కుర్చీ 9.5 కోట్లది, అందులో కూర్చోబెట్టడానికి తెచ్చినవాడు 45 లక్షలవాడు. జనానికి మండింది అంటే మండదా మరి.

మా పక్కింటి పెద్దాయన చాలా ఏళ్ళుగా సీజన్ టికెట్ హోల్డర్, ఆయన లెక్క సింపుల్: మేజర్ లీగ్ (అమెరికాలో టాప్ లీగ్) బ్యాటర్‌కి ఒక్క బంతి వేయనివాడికి తొమ్మిదో ఇన్నింగ్ ఎలా ఇస్తారు, ఇది ఆస్పత్రిలో ట్రైనీ చేత ఆపరేషన్ చేయించడం లాంటిది అని. మా ఆఫీసులో నెల్లూరు కుర్రాడు ఒకడున్నాడు, వాడిది రివర్స్ పార్టీ, "అన్నా, 45 లక్షలంటే వీళ్ళకి టీ ఖర్చు, క్లిక్ అయితే జాక్‌పాట్, కాకపోతే పోయేదేముంది" అంటాడు. ఈ ఇద్దరి మధ్యా, గో అప్పటిదాకా ఆడిన ఎల్‌జీ ట్విన్స్ అభిమాని అయిన ఒక కొరియన్ కొలీగ్ ఉన్నాడు, నిజంగా గోని చూసినవాడు అతనొక్కడే, అతన్ని అడిగినవాడు మాత్రం లేడు. నేను లంచ్‌లో అడిగితే నవ్వి, బంతి స్పీడ్ బానే ఉంటుంది, కానీ గో వస్తే మేం సోఫాలో కూర్చోలేం, నిలబడి చూస్తాం అన్నాడు. 2022లో గోకి 42 సేవ్‌లు (లీడ్ కాపాడి ముగించిన మ్యాచ్‌లు), కొరియాలో టాప్, ఈఆర్‌ఏ (తొమ్మిది ఇన్నింగ్స్‌కి సగటున ఇచ్చిన పరుగులు, తక్కువైతే మంచిది) 1.48. 2023లో అదే మనిషికి ఈఆర్‌ఏ 3.68, ఎనిమిది ఓటములు. ట్విన్స్ 1994 తర్వాత మొదటిసారి టైటిల్ కొట్టిన ఏడాదే అది, ఆ కొరియన్ సిరీస్‌లోనూ గో దెబ్బలు తిన్నాడు.

ఒకే మనిషి, ఒకే లీగ్, పక్కపక్క సంవత్సరాలు. ఇందులో ఏది అసలు గో? చెప్పలేం. రిలీవర్లతో ఉన్న చిక్కే ఇది, ఏడాదంతా కలిపి 60 ఇన్నింగ్స్ వేస్తే గొప్ప. 60 ఇన్నింగ్స్‌లో 20 పరుగులిస్తే ఈఆర్‌ఏ 3.00, స్టార్ అంటాం. ఇంకో ఐదు పరుగులిస్తే 3.75, వీడిని ఎందుకు పెట్టుకున్నారు అంటాం. ఆ ఐదు పరుగులు రెండు చెడ్డ సాయంత్రాల్లో వచ్చేస్తాయి, అందులో ఒకటి షార్ట్‌స్టాప్ అనే ఫీల్డర్ పట్టాల్సిన బంతి పక్కనుంచి పోయినా కావచ్చు. అందుకే ప్రూవ్డ్ రిలీవర్ కావాలి అని ఎవరన్నా అంటే నాకు కొంచెం నవ్వొస్తుంది. హేడర్‌నే చూడండి, ఇంతకంటే ప్రూవ్డ్ ఎవడున్నాడు, 9.5 కోట్లు పుచ్చుకుని మొదటి ఏడాది హ్యూస్టన్‌లో 3.80 ఈఆర్‌ఏ, ఎనిమిది ఓటములు. తర్వాతి ఏడాది మళ్ళీ ఆల్‌స్టార్ అనుకోండి, అది వేరే సంగతి.

మా పెద్దాయన మర్చిపోయిన ఇంకో పేరుంది, రాబర్ట్ సువారెజ్. వెనిజులావాడు, మెక్సికోలో ఆడాడు, అక్కడ్నించి జపాన్ వెళ్ళాడు, మధ్యలో మోచేతికి ఆపరేషన్, తర్వాత హన్షిన్ టైగర్స్‌లో 2021లో 42 సేవ్‌లు. పాడ్రెస్ తీసుకునేసరికి 30 దాటాడు, మేజర్ లీగ్‌లో సున్నా అనుభవం. 2022 ఏప్రిల్ 7, అరిజోనాలో సీజన్ మొదటి మ్యాచ్. ఆ పొద్దున్నే పాడ్రెస్ ఎమిలియో పగాన్‌ని మిన్నెసోటాకి ఇచ్చేసి టేలర్ రోజర్స్‌ని తెచ్చుకుంది, అంటే ఉన్న రిలీవర్ పోయాడు, వచ్చే క్లోజర్ ఇంకా గ్రౌండ్‌కి చేరలేదు. స్టార్టర్ యూ దర్విష్ ఆరు ఇన్నింగ్స్ ఒక్క హిట్ ఇవ్వకుండా వేశాడు, తొమ్మిదో ఇన్నింగ్‌కి 2-0 లీడ్, సువారెజ్‌ని దింపారు. ఇద్దరికి వాక్ (నాలుగు బంతులు గురి తప్పి ఉచితంగా బేస్ ఇవ్వడం), ఒకడికి బంతి తగిలింది, ఒక్కడూ అవుట్ కాలేదు, పీకేశారు. తర్వాత వచ్చిన స్టామెన్ బౌలింగ్‌లో సెత్ బీర్ అనేవాడు మూడు పరుగుల హోమర్ (మన సిక్సర్ లాంటిది) కొట్టి మ్యాచ్ లాగేసుకున్నాడు. అమెరికాలో ఏప్రిల్ 7న నేషనల్ బీర్ డే, బీర్ పేరున్నవాడే బీర్ రోజున ముంచాడు, ఇలాంటివి కథలో రాస్తే ఎడిటర్ కొట్టేస్తాడు.

ఆ రాత్రి సువారెజ్ గురించి ఏమన్నారో ఇక్కడ రాయలేను. అదే మనిషి ఆ ఏడాది 45 మ్యాచ్‌లాడి 2.27 ఈఆర్‌ఏతో ముగించాడు. అక్టోబర్‌లో ఫిలడెల్ఫియాలో, వర్షంలో, బ్రైస్ హార్పర్ అతని బంతినే గ్యాలరీలోకి కొట్టి మా సీజన్ ముగించాడు, అది కూడా నిజమే, హేడర్‌ని ఎందుకు దింపలేదు అని ఇప్పటికీ కొట్టుకుంటారు. అయినా టీమ్ అతనికి ఐదేళ్ళకి 4.6 కోట్లు ఇచ్చింది. 2024లో ఆల్‌స్టార్, 36 సేవ్‌లు, 2025లో 40 సేవ్‌లతో నేషనల్ లీగ్‌లో (మేజర్ లీగ్‌లో సగం) అందరికంటే ఎక్కువ. మొదటిరోజు ఒక్క వికెట్ తీయలేనివాడు!

మరి గో ఎందుకు కాలేదు? 2024 మార్చిలో పాడ్రెస్, డాడ్జర్స్ సీజన్ మొదలుపెట్టడానికి సియోల్ వెళ్ళాయి. గో కొరియాలో ఆడిన ఊరు, సీజన్‌కి ముందు ఆడిన ఎగ్జిబిషన్ మ్యాచ్‌లో ఎదురుగా సొంత టీమ్ ఎల్‌జీ ట్విన్స్. 5-2 లీడ్‌తో తొమ్మిదో ఇన్నింగ్‌లో వచ్చి రెండు పరుగుల హోమర్ ఇచ్చాడు, ఎలాగో 5-4తో గట్టెక్కాడు. రెండు రోజుల తర్వాత అసలు మ్యాచ్‌కి ప్రకటించిన టీమ్‌లో పేరు లేదు. సొంత దేశంలో, సొంత జనం ముందు. అక్కడ్నించి తిన్నగా టెక్సస్‌లో శాన్ ఆంటోనియో, డబుల్-ఏ, అంటే మేజర్ లీగ్‌కి రెండు మెట్లు కింద. నాకు అందులో జాలి వేసినదానికంటే టీమ్ మీద ఒళ్ళు మండింది ఎక్కువ, ఎందుకంటే వాడు తయారుగా లేడని ట్రైనింగ్ క్యాంప్‌లోనే కనబడుతోంది, కొత్త బంతి, కొత్త పిచ్ క్లాక్ (బంతి వేయడానికి టైమ్ లిమిట్), పక్కన ఇంటర్‌ప్రెటర్, ఇవన్నీ కుదురుకోవడానికి టైమ్ పడుతుంది. అలాంటివాడిని తెచ్చిన రోజు నుంచీ హేడర్ జాగాకి పోటీదారు అని మాట్లాడుకోవడం ఎందుకు?

నా కంప్లైంట్ అంతా అక్కడే. కొనడం తప్పు కాదు, ఆ ధరకి అస్సలు తప్పు కాదు, పోస్టింగ్ రూల్ (కొరియా టీమ్ ఆటగాణ్ణి వదిలితే కొన్నవాళ్ళు దానికి డబ్బు కట్టాలి) ప్రకారం ట్విన్స్‌కి ఇచ్చిన 20 శాతం, అంటే 9 లక్షలు కలిపినా తప్పు కాదు. ఇలాంటి వాళ్ళని ఇద్దరు ముగ్గుర్ని తెచ్చి, ఆరో ఇన్నింగ్‌లోనో ఏడో ఇన్నింగ్‌లోనో వదిలి, ఎవడు నిలబడతాడో చూసుకోవాలి. జపాన్ నుంచి తెచ్చిన యూకీ మట్సుయీ విషయంలో అదే చేశారు, మొదటి ఏడాది చప్పుడు లేకుండా 64 మ్యాచ్‌లాడాడు, క్లోజర్ అని ఎవరూ తల తినలేదు కాబట్టి చెడ్డరోజు వస్తే మర్నాడు మళ్ళీ వచ్చాడు.

మే మొదట్లో జనరల్ మేనేజర్ ఏజే ప్రెల్లర్ గోని ముగ్గురు కుర్రాళ్ళతో కలిపి మయామీకి పంపి లూయిస్ అరాయెస్ అనే బ్యాటర్‌ని తెచ్చాడు. అరాయెస్ ఆ ఏడాది .314 సగటుతో బ్యాటింగ్ టైటిల్ కొట్టాడు. నెల తిరక్కుండానే మయామీ గోని రోస్టర్‌లోంచి తీసేసింది, ఆ రెండేళ్ళ కాంట్రాక్ట్ అయ్యేదాకా మేజర్ లీగ్‌లో అతను ఒక్క బంతి వేయలేదు. నెల్లూరు కుర్రాడు దీన్ని కూడా తన ఖాతాలో వేసుకున్నాడు, "చూశావా అన్నా, గో ఇచ్చి అరాయెస్ తెచ్చారు" అని. ఒరేయ్, మయామీకి కావలసింది గో కాదురా, జేకబ్ మార్సీ లాంటి కుర్రాళ్ళు. ఆ మార్సీ 2025 ఆగస్టులో మేజర్ లీగ్‌కి వచ్చి ఎంత బాగా ఆడాడో చూశాం కదా.

ఇక పెద్దాయన కోరిక 2025 జూలై 31న తీరింది. ప్రూవ్డ్ మనిషి వచ్చాడు, మేసన్ మిల్లర్ అనే క్లోజర్, తర్వాత అక్టోబర్‌లో 104 మైళ్ళ స్పీడ్ దాటించినవాడు. బదులుగా ఇచ్చిన నలుగురిలో లియో డి వ్రీస్ అని 18 ఏళ్ళ షార్ట్‌స్టాప్ ఉన్నాడు, దేశంలో అందరూ కళ్ళు పెట్టుకున్న పిల్లాడు. ఆ సాయంత్రం పెద్దాయన ఫెన్స్ దగ్గర కనబడితే ఇప్పుడు హ్యాపీయేనా అని అడిగాను. ఒక రిలీవర్ కోసం ఆ పిల్లాణ్ణి ఇచ్చేస్తారా, బుద్ధుందా వీళ్ళకి అని అరగంట నిలబెట్టి తిట్టాడు.