గోదారి గాలిలో బీటిల్‌కి రంగు

కార్తీకం

ఉద్యోగం, పెళ్లి, పిల్లల చదువులు అంటూ ఇరవయ్యేళ్ల పైనే అటక మీద ఉండిపోయిన టమియా అనే జపాన్ కంపెనీ డబ్బా దించాను. ప్లాస్టిక్ ముక్కలు అతికించి బొమ్మకారు కట్టుకునే కిట్ అది. ఫోక్స్‌వ్యాగన్ 1300 బీటిల్, 1966 మోడల్, 1/24 స్కేలు, అంటే అసలు కారులో ఇరవైనాలుగో వంతు. అప్పట్లో కువైట్‌లో ఉన్న మా పెదనాన్నగారబ్బాయి తెచ్చిపెట్టాడు. అసలు కారు నాలుగు మీటర్ల పైచిలుకు కాబట్టి ఇది పూర్తయితే 17 సెంటీమీటర్లు ఉంటుంది. అన్నేళ్లూ డబ్బా అక్కడుందన్న సంగతి నాకు గుర్తుంటూనే ఉంది. తెరిచే తీరికే దొరకలేదు.

ఇంత పాత కిట్ తెరిస్తే ముందు చూడాల్సింది టైర్లు. అవి మెత్తటి వినైల్‌తో చేస్తారు. ఆ మెత్తదనం కోసం కలిపే పదార్థం ఏళ్లు గడిచేకొద్దీ పైకి ఊరుతుంది, పక్కనే పాలిస్టైరీన్ ప్లాస్టిక్ తగులుతూ ఉంటే దాన్ని కరిగించేస్తుంది. నా డబ్బాలో టైర్లు విడిగా కవర్లో ఉన్నాయి కాబట్టి చక్రాలు బాగానే ఉన్నాయి. బిగించేటప్పుడు మాత్రం చక్రం చుట్టూ వంటింటి అల్యూమినియం ఫాయిల్ సన్నటి పట్టీ చుట్టాను, రెండూ నేరుగా తగలకుండా. డెకాల్ షీటు, అంటే నీళ్లలో నానబెట్టి కారు మీద అంటించే గుర్తుల కాగితం, పసుపుపచ్చగా మారింది. దాన్ని జిప్ కవర్లో పెట్టి తూర్పు కిటికీ అద్దానికి అంటించాను. ఎండ తగిలితే ఆ పసుపు మెల్లగా విరుగుతుంది. ఈ నెలలో మాకు ఎండే కరువు, అందుకని దాన్ని అక్కడే వదిలేశాను.

మాది పాలకొల్లు పక్క ఊరు. ఒక వైపు కాలవ, మూడు వైపులా చెరువులు, కొబ్బరితోట. బంగాళాఖాతంలో అల్పపీడనం అన్న మాట వినబడితే చాలు, ఇంట్లో అప్పడాలు మెత్తబడతాయి. అందుకే ముందుగా గాలిలో తేమ చూపించే చిన్న డిజిటల్ మీటరు కొని బల్ల మీద పెట్టాను. ఈ నెలంతా 85 శాతానికి తగ్గలేదు. ఆ గాలిలో రంగు జోలికి పోకూడదు, పొడిపని పెట్టుకోవాలి. అచ్చు నుంచి తేలిగ్గా ఊడి రావడానికి పూసిన జిడ్డు పోయేలా భాగాలన్నీ గిన్నెలు తోమే లిక్విడ్‌తో కడిగాను. అచ్చు గీతలు 400, 800 నంబరు వాటర్ పేపర్‌తో తీసేశాను. తలుపుల చుట్టూ, బానెట్ చుట్టూ ఉన్న గీతల్ని కాస్త లోతు చేశాను. ప్రైమర్ (రంగు కింద వేసే పూత), రంగు, పైన క్లియర్ (రంగులేని మెరుపు పూత) పడ్డాక అవి పూడుకుపోతాయి కనక ఈ పని ఇప్పుడే చేసుకోవాలి. వెనక అద్దం కింద గాలి పోయే సన్నటి చీలికలున్నాయి చూశారూ, వాటి మీద చాలాసేపు కూర్చున్నాను. బీటిల్‌కి ఇంజను వెనక ఉంటుంది, చల్లబడేది గాలితోనే, రేడియేటర్ లేదు. ఆ చీలికలు మూసుకుపోతే అది బీటిల్‌లా ఉండదు. కత్తి మొనతో ఒక్కొక్కటీ గీరి, వెలుతురుకి ఎదురుగా పట్టుకుని అన్నీ ఒకే వెడల్పున ఉన్నాయో లేదో చూశాను. తలకి తగిలించుకునే భూతద్దం కొనుక్కోవడం మంచిదయింది. ఈ వయసులో అది లేకుండా ఈ పని సాగదు.

అతికించడానికి టమియా ఎక్స్‌ట్రా థిన్ సిమెంట్ వాడుతున్నాను. దాన్ని జిగురు అనుకోవద్దు, అది ప్లాస్టిక్‌ని కరిగించి రెండు ముక్కల్నీ ఒకటి చేస్తుంది. రెండు భాగాలూ దగ్గరగా పట్టుకుని సందు దగ్గర కుంచె ఆనిస్తే చాలు, లోపలికి అదే పాకుతుంది. ఇక్కడో జాగ్రత్త. మన ప్రాంతంలో ప్రతి ఇంట్లోనూ రొయ్యలు ప్యాక్ చేసే థర్మాకోల్ పెట్టె ఒకటి ఉంటుంది. భాగాలు దాచుకోవడానికి బ్రహ్మాండంగా పనికొస్తుంది కానీ, సిమెంట్ గానీ లాకర్ (త్వరగా ఆరే స్ప్రే రంగు) గానీ తడిగా ఉన్న భాగాన్ని దాని మీద పెట్టకండి. థర్మాకోల్ కూడా పాలిస్టైరీనే, అతుక్కుని కరిగిపోతుంది.

ధనుర్మాసం

స్ప్రే డబ్బాలు వచ్చాయి. మంటంటుకునే సరుకు కాబట్టి వీటిని విమానంలో పంపరు, రోడ్డు మీదే రావాలి. కావలసిన వాళ్లు ముందే ఆర్డర్ పెట్టుకోవడం మేలు. తెల్ల ఫైన్ సర్ఫేస్ ప్రైమర్, బాడీకి టీఎస్-23 లైట్ బ్లూ, పైన టీఎస్-13 క్లియర్.

కారు మీద కొట్టే ముందు ప్లాస్టిక్ చెంచాల మీద కొట్టి చూశాను. పొగమంచు ఇంకా విడవని పొద్దున ఒక చెంచా, మధ్యాహ్నం ఒక చెంచా. పొద్దున మీటరు 93 చూపించింది. చెంచా మీద నీలం మొదట నిగనిగలాడింది. చూస్తుండగానే అంచుల నుంచి తెల్లటి పొర లేచి నడిమికి పాకింది. మధ్యాహ్నం 61 దగ్గర కొట్టిన చెంచా చక్కగా ఆరింది. కారణం తేలికే. లాకర్‌లో ద్రావకం చాలా వేగంగా ఆవిరవుతుంది. ఆ వేగానికి పూత చల్లబడి, గాలిలో తేమ దాని మీద మంచులా పడుతుంది. ఆ నీరు రంగులో చిక్కుకుని తెల్లగా కనబడుతుంది. డబ్బాలోంచి వచ్చే గ్యాసు కూడా చల్లగానే ఉంటుంది, అది ఇంకా తోడు.

నరసాపురం రోడ్డులో కార్లకి రంగులేసే షెడ్డు ఉంది. రెండు చెంచాలూ పట్టుకెళ్లి చూపించాను.

"ఆయ్, మాకూ ఇంతేనండి మాస్టారూ. ముసురులో పని ఒప్పుకోమండి. తప్పదంటే థిన్నర్‌లో రిటార్డర్ కలుపుతామండి, నిదానంగా ఆరుద్ది."

"డబ్బా స్ప్రేలో కలపడం కుదరదు కదా తమ్ముడూ?"

"మరైతే ఎండ చూసి కొట్టుకోండి. తెల్లబడిందనుకోండి, కంగారు పడకండి. పొడిగాలి రోజు దాని మీదే పల్చగా ఇంకో చేయి కొడితే మళ్లీ కరిగి సర్దుకుంటుందండి."

పొద్దున కొట్టిన ఆ చెంచా మీద అలాగే చేసి చూశాను. తెలుపు చాలావరకు పోయింది. ఆ తర్వాత కారు బాడీ విషయంలో నాకు టెన్షన్ లేదు.

వరుసగా కొన్నాళ్లు మీటరు రాసి పెట్టుకున్నాను. మా ఇంటి దగ్గర పదకొండు నుంచి రెండు దాకా బాగుంటుంది. రెండున్నర దాటితే సముద్రం గాలి తిరిగి అంకె మళ్లీ ఎక్కుతుంది. నేను పెట్టుకున్న గీత 65. దాటితే డబ్బా ముట్టుకోను. సాయంత్రం లైటు కింద అసలే వద్దు, దీపపు పురుగులు వచ్చి తడి రంగు మీద వాలతాయి.

సంక్రాంతి

ఇంటినిండా చుట్టాలు. పని లేదు. బల్ల మీద భోగిపళ్ల పళ్లెం పెట్టారు.

మాఘం

ఎదురుచూసిన నెల ఇది. ప్రైమర్ రెండు పల్చటి పూతలు వేసి, ఆరాక 1000 పేపర్‌తో తడిపి తేలిగ్గా రుద్దాను. రంగు డబ్బాని గోరువెచ్చని నీళ్లలో కాసేపు ఉంచాను. లోపల ఒత్తిడి పెరిగి తుంపర సన్నగా పడుతుంది. వేడినీళ్లు మాత్రం వద్దు, డబ్బా పేలే ప్రమాదం ఉంది. మాస్కు కూడా గుడ్డది సరిపోదు, రసాయనాల ఆవిరిని ఆపే ఫిల్టర్ ఉన్నది పెట్టుకోవాలి.

సారె డబ్బా మూత మీద బాడీని నిలబెట్టి, 15 నుంచి 20 సెంటీమీటర్ల దూరం నుంచి కొట్టాను. మొదటి చేయి దుమ్ములా పడాలి, కింద తెలుపు కనబడుతూనే ఉండాలి. పావుగంట ఆగి ఇంకోటి. మూడో చేయి మాత్రం తడిగా పడాలి. బీటిల్‌కి ఎక్కడా చదును ఉండదు, అన్నీ వంపులే. మడ్‌గార్డు బాడీని కలిసే మూలలో రంగు చేరదు, చేరిందంటే కారుతుంది. అందుకే ప్రతిసారీ ముందు ఆ మూలలకి చిన్న చిన్న విసుర్లు వేసి, తర్వాత పైకప్పు మీదకి వెళ్లాను. వెంటనే ప్లాస్టిక్ టబ్బు బోర్లించి మూసేశాను. మడ్‌గార్డు మీద ఆ నీలం ఒక్క గీత లేకుండా పరుచుకోవడం చూశాక ఆ రాత్రి చాలాసేపు అక్కడే కూర్చున్నాను.

కిటికీలో డెకాల్స్ తెల్లబడ్డాయి. పాతవి నీళ్లలో ముక్కలవుతాయి కాబట్టి మైక్రోస్కేల్ లిక్విడ్ డెకాల్ ఫిల్మ్ ఒక పూత వేసి, ఒక్కొక్కటీ అంచు దగ్గరగా కత్తిరించాను. ముందు అక్కర్లేని నంబరు ప్లేటు ఒకటి నానబెట్టి చూసి, చెదరలేదని తేలాక మిగతావి వేశాను. ఇక్కడ నీళ్ల సంగతి చెప్పాలి. మా బోరు నీళ్లు ఉప్పు. ఆరాక డెకాల్ చుట్టూ తెల్ల మరక కడతాయి. తాగడానికి తెప్పించుకునే మినరల్ వాటర్ టిన్నులోంచే గ్లాసుడు తీసుకోండి.

క్లియర్ కూడా మొదట దుమ్ములాగే వేయాలి. టీఎస్-13 ఒక్కసారే తడిగా పడితే డెకాల్‌ని తినేస్తుంది. తర్వాత వారం పైనే ముట్టుకోలేదు. ముక్కు దగ్గర పెట్టుకుంటే వాసన రాకూడదు, అప్పటికి ఆరినట్టు. 2000 పేపర్, ఆపైన మెరుగు పెట్టే టమియా కాంపౌండ్లు: కోర్స్, ఫైన్, ఫినిష్. అంచుల దగ్గర పూత పల్చగా ఉంటుంది, అక్కడ మాస్కింగ్ టేప్ వేసి రుద్దాను.

ఫాల్గుణం

అద్దాల చుట్టూ రబ్బరుకి ఎక్స్-18 సెమీగ్లాస్ నలుపు. పక్కల వెండి గీతకి మొలోటో లిక్విడ్ క్రోమ్ పెన్ను. చీలికల్లోకి ప్యానెల్ లైన్ రంగు (గీతల్లోకి దిగే పల్చటి రంగు) ఒక చుక్క వదిలితే అదే పాకింది, పైన మిగిలింది తుడిచేశాను. అద్దాలు తెల్ల ఫెవికాల్‌తో అతికించాను. ఫెవిక్విక్ లాంటివి వాడితే వాటి ఆవిరి అద్దాన్ని మసకబారుస్తుంది.

బంపర్లు, వైపర్లు, లోపల స్టీరింగ్ మిగిలాయి. తర్వాతి పని టమియా మోరిస్ మినీ. మోరిస్ పేరు మనకి కొత్త కాదు, అంబాసడర్ పుట్టిందే మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 నుంచి. 2014లో కోల్‌కతా దగ్గరి ఉత్తరపారా ఫ్యాక్టరీలో తయారీ ఆగిపోయిన ఆ అంబాసడర్‌ని ఇదే స్కేలులో ప్లాస్టిక్ షీటుతో సొంతంగా కట్టాలని ఉంది. దానికి చేయి ఇంకా తిరగాలి. ప్రస్తుతానికి ఉగాదిలోపు మినీ బాడీకి రంగు అయిపోవాలి. ఆ తర్వాత సముద్రం గాలి ఉప్పగా, బరువుగా మారుతుంది. సీట్లు, డాష్‌బోర్డు లాంటి కుంచె పనులన్నీ వేసవికి అట్టిపెట్టాను.