గండికోట బోర్డు, ఏడో వారం: పెన్న గోడలెక్కింది

మూడోసారి కూడా పాయె! గండికోట దగ్గరి పెన్న లోయకు ప్లాస్టర్‌తో నమూనా బోర్డు చేస్తున్నా కదా, అందులో నీళ్ల బదులు పోసే రెసిన్ (పోశాక గట్టిపడే ద్రవం) మళ్లీ గండి గోడల మీదికి పాకింది.

గండికోట నుంచి జమ్మలమడుగు దాకా సుమారు 15 కిలోమీటర్లు, 1:25,000 లెక్కన బోర్డు మీద 60 సెంటీమీటర్లు. ఎత్తులకు మాత్రం 1:10,000 పెట్టుకున్నా, లేకపోతే ఎర్రమల కొండలు దోసెల్లా పడుకుంటాయి. 30 మీటర్లకో ఎత్తు చొప్పున ఇచ్చే ఎస్సార్టీఎమ్ ఉపగ్రహ డేటా (అంతరిక్షం నుంచి రాడార్‌తో కొలిచిన నేల ఎత్తులు) గండి గోడల్ని వాలుగా చూపిస్తే కత్తితో నిలువునా చెక్కేశా. అక్కడిది గట్టి క్వార్ట్‌జైట్ మరి. ఒకప్పుడు గండికోటనేలిన పెమ్మసాని నాయకుల కోటగోడ, దారం అతికిస్తే తేలిగ్గా తేలిపోయింది. 1650లో ఆ కోటను పట్టుకున్న గోల్కొండ సేనాని మీర్ జుమ్లాకు ఇంకాస్త కష్టమైవుంటుంది.

గొడవంతా నీళ్లతోనే. దగ్గర దగ్గర 300 అడుగుల లోతు గండి నా బోర్డు మీద 9 మిల్లీమీటర్ల లోతు, 4 మిల్లీమీటర్ల వెడల్పు చీలిక. అందులో 2 మిల్లీమీటర్ల మందాన రెసిన్ పోశా. తెల్లారి కొలిస్తే నడుమ 2, అంచుల్లో 5! ఆ 3 మిల్లీమీటర్లంటే అసలు లెక్కలో 30 మీటర్లు. పెన్నకు అంత వరదొస్తే నెల్లూరు ఏం కావాలి?

ప్లాస్టర్ పీల్చుకుంటోందనుకుని ఫెవికాల్ ఒక వంతుకు నీళ్లు మూడు వంతులు కలిపి రెండు పూతలేశా. పాకుడు 3 నుంచి 2కి దిగింది, అంతే. మూడోసారి చీలికను 6కి వెడల్పు చేసి, మిల్లీమీటరు చొప్పున రెండు విడతలు పోశా. మళ్లీ 2! ఇప్పుడు నా అనుమానం బెంగళూరు జులై మీద. రాత్రి వంటింట్లో 21 డిగ్రీలు. డబ్బా మీద 24 గంటలని రాసిన రెసిన్ 40 గంటలకు గానీ గట్టిపడలేదు. అంతసేపు పల్చగా ఉంటే పాకక ఏం చేస్తుంది? పైగా ఆరబెట్టింది చల్లటి కడప బండ మీద. రెసిన్‌నూ, దాన్ని గట్టిపరిచే ద్రవాన్నీ సిరంజీతో కొలవడమూ తప్పేనేమో. పది గ్రాముల పనికి 0.1 గ్రాము చూపే తూకమే నయం.

ఫోటో పంపితే అమ్మ, "పెన్నలో ఇన్ని నీళ్లు యాడివిరా? మా జమ్మలమడుగు కాడ ఎప్పుడూ ఇసకే గదా" అంది. నిజమే! మైలవరం డ్యామ్ దిగువన రెసిన్ ఎందుకసలు? జల్లించిన ఇసక, పల్చటి జిగురు చాలు. గండిలోకి మాత్రం చిక్కటి అక్రిలిక్ జెల్ ప్రయత్నిస్తా, శనివారం ఎవెన్యూ రోడ్డులో వెతకాలి. అదీ పాకితే మళ్లీ రెసినే, త్వరగా గట్టిపడేలా వెచ్చదనానికి అట్టపెట్టె బోర్లించి లోపల 60 వాట్ల బల్బు.

ఆ తర్వాతి బోర్డు నంది కొండలు. పెన్న పుట్టేది ఇక్కడికి 60 కిలోమీటర్లలోనే. అక్కడైతే నీళ్లు పోసే పనే ఉండదు.