భారతం చూడ్డానికి పోయిన రాత్రి

మేముండేది వార్సాలో. మా వాడికి పదకొండేళ్ళు. క్లాసులో వాడి పక్కన కూర్చునే పిల్లాడు 2022లో రష్యా యుద్ధం మొదలెట్టాక ఉక్రెయిన్‌లోని ఖార్కివ్ నుంచి అమ్మతో వచ్చేశాడు. నాన్న అక్కడే ఉండిపోయాడు. అప్పట్లో 18 నుంచి 60 ఏళ్ళ మగవాళ్ళలో చాలామందిని దేశం దాటనివ్వలేదు.

"కొట్టుకోకండి, మాట్లాడుకోండి" అని వీళ్ళ స్కూల్లో చెప్తారు, ఇంట్లో నేనూ చెప్తాను. అందుకే వాడు అడిగాడు, "వాళ్ళు మాట్లాడుకోవచ్చు కదమ్మా?" అని. మాట్లాడుకున్నారు నాన్నా అన్నాను. అణ్వాయుధాలు వదులుకున్న ఉక్రెయిన్ సరిహద్దులను గౌరవిస్తామని 1994లో రష్యా కూడా సంతకం పెట్టింది. 2014లో క్రిమియాను లాక్కుంది. కాల్పులు ఆపడానికి మిన్‌స్క్‌లో ఆ ఏడాది ఒకటి, 2015లో ఇంకోటి ఒప్పందాలయ్యాయి. 2022 ఫిబ్రవరి 24న ట్యాంకులొచ్చాయి. వాడు వేళ్ళు మడిచి లెక్కపెట్టుకున్నాడు. మూడు సంతకాలు.

సెలవులకు చిత్తూరు దగ్గర మా ఊరికొచ్చేసరికి ద్రౌపదమ్మ గుడి దగ్గర భారతం జరుగుతోంది. పగలు హరికథ, రాత్రి వీధి నాటకం. ఆ రాత్రి కృష్ణ రాయబారం. చాప మీద అవ్వ ఒడిలో తల పెట్టుకుని నిద్రకు తూగుతున్నవాడు, ఐదూళ్ళ మాట రాగానే లేచి కూర్చున్నాడు.

"మిగతా ఊళ్ళన్నీ దుర్యోధనుడికి వదిలేస్తే, అక్కడుండే పిల్లల సంగతేంటి?"

నాకు నోట మాట రాలేదు. శాంతి కోసం కొంత భూమి వదులుకోమని టీవీలో పెద్దపెద్దవాళ్ళు చెప్తుంటే ఎన్నిసార్లు తలూపానో గుర్తొచ్చింది.

మా నాన్న అందుకున్నాడు. "కృష్ణుడు ఉత్త చేతుల్తో పోలేదు నాయనా. వెనకాల ఏడు అక్షౌహిణీల సైన్యం నిలబడుండింది. అయినా సూది మొన మోపినంత కూడా ఇయ్యనన్నాడు వాడు."

నాకూ అదే అనిపిస్తుంది. చర్చలు జరగాలి, రేపే జరగాలి. ఆ పిల్లాడి నాన్న ఇంటికి రావాలి. కానీ ఆంక్షలు ఎత్తేసి, ఆయుధ సాయం ఆపేసి కూర్చోబెడితే అవి చర్చలు కావు, లొంగిపోవడం. ఇది మా వాడికి చెప్పాలంటే భయమే. ఒక దేశం మొత్తాన్ని ద్వేషించడం నేర్చుకుంటాడేమోనని. వాడి క్లాసులో రష్యన్ మాట్లాడే పాప కూడా ఉంది.

మర్నాడు మిట్ట మీద దుర్యోధనుడి మట్టి బొమ్మ చేస్తున్నారు. ఇంత పొడుగున పడుకుని ఉన్నాడు, తొడల దగ్గర ఇంకా తడి ఆరలేదు. మా వాడు ఆ మట్టిని వేలితో తాకి చూశాడు.

"అవ్వా, ఈయనకీ అమ్మ ఉందా?"

"ఉంది నాయనా," అంది మా అమ్మ. "గాంధారి."